హీబ్రూ, గిటార్, ప్రార్థన: ఒకే ఉదయంలో ఇరికించకండి

ప్ర: మాది కడప. బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్న అమ్మాయిని. ఆదివారం మా సంఘంలో ఆరాధనకు గిటార్ వాయిస్తాను. సాయంత్రాలు నలుగురు పిల్లలకు నేర్పుతున్నాను. ఏడాదిగా సొంతంగా హీబ్రూ చదువుతున్నాను, ఈమధ్యే గ్రీకు కూడా మొదలుపెట్టాను. బైబిల్ భాషల్లోనే పైచదువు చదవాలని ఉంది. అమ్మానాన్న బీఈడీ చేయమంటున్నారు. ఇంకో బాధ కూడా ఉంది. ఉదయం బైబిల్ తెరిస్తే ప్రార్థన రావడం లేదు, వ్యాకరణమే కళ్లకు కనబడుతోంది. వీటిలో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని వదులుకోవాలి?

జ: ప్రస్తుతానికి పక్కన పెట్టాల్సింది గ్రీకు ఒక్కటే, అదీ ఏడాది పాటే. మిగతావన్నీ ఉంటాయి. బీఈడీ కూడా ఉంటుంది, ఎందుకో కింద చెబుతాను. ముందు మీరు చివర రాసిన బాధ గురించి మాట్లాడుకుందాం. అది సర్దుకోకపోతే ఎంత మంచి కోర్సులో చేరినా లోపల ఎండిపోతారు.

బైబిల్ భాషలు చదివేవాళ్లలో చాలామందికి ఇది జరుగుతుంది. దానికి కారణం భక్తి తగ్గడం కాదు. ఒకే పుస్తకం, ఒకే కుర్చీ, ఒకే గంట రెండు పనులకూ వాడుతున్నారు. క్రియాపదం కనబడగానే దాని ధాతువు వెతకడం మనసుకు అలవాటైపోయింది. అలవాటును తిట్టుకుంటే పోదు, దానికి వేరే చోటు చూపించాలి. ప్రార్థనకు తెలుగు బైబిల్ ఒక్కటే పెట్టుకోండి. దాని పక్కన పెన్ను, ఫోను ఉండకూడదు. హీబ్రూకు బల్ల, నోటుబుక్కు, వేరే సమయం. ప్రార్థన ముందు, చదువు తర్వాత. మధ్యలో కనీసం పది నిమిషాలు ఇంటి పనేదైనా చేయండి. ప్రార్థన మధ్యలో ఏదైనా మాట పట్టుకుని లాగితే, లేచాక చూద్దామని ఆ వచనం అంకె గుర్తుంచుకుని ముందుకు సాగండి. ఇది కుదురుకోవడానికి వారం సరిపోదు, నాలుగైదు వారాలు పడుతుంది.

రెండింటినీ పూర్తిగా విడదీయమని మాత్రం అనను. వారానికి ఒక్కసారి, శనివారం సాయంత్రం అనుకోండి, ఆ వారం బల్ల దగ్గర చదివిన ఒక్క వచనాన్ని తీసుకోండి. హీబ్రూలో మూడుసార్లు పైకి చదవండి, తెలుగులో ఒకసారి చదవండి, ఆపైన మౌనంగా ఉండండి. పైకి చదవమనడానికి కారణం ఉంది. మొదటి కీర్తన రెండో వచనంలో 'ధ్యానించు' అని మనం చదివే చోట హీబ్రూలో ఉన్న క్రియ 'హాగా'. సింహం గుర్రుమనడానికి, పావురం మూలగడానికి యెషయా గ్రంథంలో వాడింది కూడా ఆ క్రియనే. అంటే అక్కడి ధ్యానం కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు, పెదవుల మీద మాట ఆడుతూ ఉండటం. మన అవ్వలు వాక్యాన్ని గొణుగుతూ చదువుకునే తీరుకు అది చాలా దగ్గర. 23వ కీర్తన మొదటి వచనం, శీర్షిక పక్కన పెడితే, హీబ్రూలో నాలుగే మాటలు. అందులో 'రోయీ' అనే మాటను మనం 'నా కాపరి' అంటున్నాం. అది 'మేపు' అనే క్రియ నుంచి వచ్చింది: నన్ను మేపేవాడు. ఎండాకాలం పచ్చిక వెతుక్కుంటూ ఊళ్లు దాటి పోయే మందలను చూసిన సీమవాళ్లకు దాన్ని వివరించాల్సిన పని లేదు. వారానికి ఇలాంటిది ఒక్కటి దొరికితే చాలు, చదువు ప్రార్థనకు దారి ఇస్తుంది.

ఇక హీబ్రూనే ముందు ఎందుకంటే, మీరు దాంట్లో ఇప్పటికే ఏడాది పెట్టారు, పైగా పాడే మనిషికి కీర్తనలు పుట్టిల్లు లాంటివి. రెండు భాషలు కొత్తగా కలిపి చదివితే క్రియారూపాలు ఒకదానిలోకి ఒకటి చొరబడి, ఆర్నెల్లకు రెండూ సగమే వస్తాయి. ఏడాదిలో అక్షరాలు వచ్చే ఉంటాయి, అయినా ఒక పరీక్ష పెట్టుకోండి. చూపుకు ఒకేలా ఉండే బేత్‌కు కాఫ్‌కు, దాలెత్‌కు రేష్‌కు, హేకు హేత్‌కు, పదం చివర వచ్చే మేమ్‌కు సామెఖ్‌కు తేడా చూడగానే చెప్పగలగాలి. ద్వితీయోపదేశకాండం 6:4లో దేవుణ్ని గురించి వాడిన 'ఎహాద్' అంటే ఒక్కడు. చివరి దాలెత్‌ను రేష్‌గా చదివితే అది 'ఆహేర్' అవుతుంది, అంటే వేరొకడు. అందుకే ఆ దాలెత్‌ను పెద్దదిగా రాసే సంప్రదాయం వచ్చిందని చెబుతారు. 22 అక్షరాల పేర్లు మన తెలుగు బైబిల్లోనే 119వ కీర్తనలో వరుసగా ఉన్నాయి: ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ అక్షరానికి ఎనిమిది వచనాల చొప్పున 176. అక్కడ హీబ్రూ లిపి ఒకవైపు, తెలుగు ఒకవైపు పెట్టుకుని పోల్చుకోండి.

హీబ్రూను తెలుగు అక్షరాల్లో రాసుకుంటుంటే ఈ వారమే మానేయండి. తెలుగు లిపి ఎన్నో ధ్వనులను పట్టుకోగలదు కానీ ఇక్కడ ముంచుతుంది. హే, హేత్ రెండూ 'హ' అయిపోతాయి. తేత్, తావ్ రెండూ 'త'. సామెఖ్, సీన్ రెండూ 'స'. ధాతువు మూడు హల్లుల మీద నిలబడే భాషలో ఒక హల్లు తప్పితే నిఘంటువులో ఆ మాట దొరకనే దొరకదు. ధాతువు సంగతి మీకు అంత కొత్తేమీ కాదు. కడపలో ఉర్దూ వినపడని బజారు లేదు. కితాబు, కాతిబ్ అనే మాటల్లో ఉన్న క-త-బ హీబ్రూలో 'కాతవ్' (రాశాడు), 'మిఖ్తావ్' (రాసినది) మాటల్లోనూ ఉంది. పక్కింట్లో ఉర్దూ, అరబ్బీ చదివే పెద్దలుంటే కుడి నుంచి ఎడమకు వేగంగా చదివే మెలకువ వాళ్లను అడిగి నేర్చుకోండి.

రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు. వారానికి కొత్త మాటలు పన్నెండే, మిగతా సమయం పాతవి తిరగేయడానికి. యాభై వారాలకు ఆరువందల మాటలవుతాయి. క్రియకు ఏడు ప్రధాన రూపాలున్నాయి: కల్, నిఫాల్, పియేల్, పుఆల్, హిఫీల్, హొఫాల్, హిత్పాయేల్. మొదటి నాలుగు నెలలు కల్ ఒక్కటే గట్టిగా పట్టండి. అది వదులుగా ఉంటే మిగతా ఆరూ ఊగుతాయి. తర్వాత రూతు గ్రంథం, నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. కథ తెలిసిందే కాబట్టి నిఘంటువు దగ్గర అలసిపోరు. యోనా గ్రంథం 48 వచనాలే, దాన్ని రెండోదిగా పెట్టుకోండి. ఒక చిన్న చిక్కు ముందే చెబుతాను. హీబ్రూలో చాలా కీర్తనల శీర్షికకూ వచనం అంకె ఉంటుంది. తెలుగులో 51వ కీర్తన మొదటి వచనం హీబ్రూలో మూడోది. యోనా 1:17 హీబ్రూలో 2:1. ఇది తెలియక పుస్తకంలో తప్పు ఉందనుకునేవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి. కొత్తగా నేర్చుకున్న మాటను వేదిక మీదకు తేవాలనే ఆత్రం వస్తుంది. గ్రీకు 'డునమిస్' (శక్తి) అంటే డైనమైట్ అని ప్రసంగాల్లో వింటుంటాం. డైనమైట్‌కు ఆ పేరు పెట్టింది 19వ శతాబ్దంలో నోబెల్. పౌలు ఆ మాట రాసినప్పుడు పేలుడు పదార్థం ఆయన మనసులో ఉండే అవకాశమే లేదు. మాట పుట్టుకను బట్టి కాదు, ఆ వాక్యంలో దాని వాడుకను బట్టి అర్థం చెప్పాలి. మొదటి రెండేళ్లు మీరు నేర్చుకున్నది మీ నోటుబుక్కులోనే ఉండనివ్వండి.

గ్రీకు వచ్చే ఏడాది మొదలుపెట్టినప్పుడు తెలుగు మీకు బాగా అక్కరకొస్తుంది. ఎప్సిలాన్, ఈటా తేడా మనకు ఎ, ఏ. ఒమిక్రాన్, ఒమేగా తేడా ఒ, ఓ. విభక్తులు బడిలోనే చదివాం. మనకు లేనిది మాటకు ముందు వచ్చే ఆర్టికల్, దాని రూపాలు మాత్రం బట్టీ పట్టాల్సిందే. కొత్త నిబంధనలో యాభైసార్లకు పైగా వచ్చే మాటలు మూడువందల పైచిలుకు. అవి వస్తే పాఠంలో సుమారు ఎనభై శాతం మాటలు తెలిసినవే అవుతాయి.

గిటార్ విషయానికొస్తే, అది మీ జీవనాధారం కాగలదు. కానీ నలుగురు పిల్లలతో కాదు, ఇప్పుడున్న పద్ధతితోనూ కాదు. ముగ్గురేసి చొప్పున నాలుగు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కు వారానికి రెండు క్లాసులు, క్లాసు 45 నిమిషాలు పెట్టుకుంటే వారానికి ఆరు గంటలే అవుతుంది. నెలకు ఒక్కొక్కరి దగ్గర 900 తీసుకుంటారనుకుందాం, 12 మందికి 10,800. అయితే మార్చిలో పరీక్షలనగానే సగం మంది మానేస్తారు, మే నెలలో కొత్తవాళ్లు వస్తారు. అందుకని ఏడాదికి పది నెలల ఆదాయమే లెక్కేసుకోండి.

పిల్లలు మానేసేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది మూడో వారంలో, వేళ్లు నొప్పి పుట్టి. చాలాసార్లు తప్పు పిల్లలది కాదు, గిటార్‌ది. స్టీలు తీగల గిటార్ మెడ మీద పన్నెండో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం కొలవండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే సరే. మూడు దాటితే చిన్న చేతులు నొక్కలేవు, నేర్పడానికి ముందే దాన్ని సరి చేయించాలి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు ముప్పాతిక సైజు గిటార్, నైలాన్ తీగలు మేలు. రెండో చోటు ఎఫ్ కార్డు (కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుంపు). ఈ మైనర్, జీ, సీ, డీ, ఏ మైనర్ చేతికి వచ్చి, రెండు పాటలు ఆగకుండా వాయించేదాకా దాని జోలికి పోకండి. తర్వాత కూడా ముందు నాలుగు తీగల చిన్న ఎఫ్ చూపించి, ఒక్క వేలితో తీగలన్నీ నొక్కే పూర్తి బార్ ఇంకో రెండు నెలలకు చూపించండి.

మన ఎండలు గిటార్‌కు శత్రువులు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే చెక్కకు హాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర అది బాగా పడిపోతుంది. ఫ్రెట్‌బోర్డు ఎండి కుదించుకుపోయి ఫ్రెట్ల చివర్లు బయటకు పొడుచుకొస్తాయి, పైచెక్క లోపలికి దిగుతుంది, ఒక్కోసారి చీలుతుంది. చిల్లులు పెట్టిన సబ్బు డబ్బాలో తడిపి బాగా పిండిన స్పాంజి ఉంచి, కేసులో గిటార్ తల దగ్గర పెట్టి మూయండి. రేకుల కప్పు కింద బీరువా మీద పెట్టడం, ఎండలో ఆగిన కారులో వదిలేయడం వద్దు. వేడికి జిగురు మెత్తబడి తీగలు బిగించే బ్రిడ్జి లేచిపోతుంది.

సంఘంలో వాయించేవారు కాబట్టి, మీ దగ్గరకు వచ్చేవాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నేర్పమంటారు. అది మీ బలం చేసుకోండి. ఆదితాళం ఎనిమిది అక్షరాలను నాలుగేసి కొట్టుళ్లుగా రెండుసార్లు విడగొడితే పిల్లలకు అందుతుంది. మిశ్రచాపు ఏడింటిని మాత్రం మూడు, రెండు, రెండుగా చప్పట్లతో నేర్పాకే చేతికి గిటార్ ఇవ్వండి. లేకపోతే తెలియకుండానే ఎనిమిదో దెబ్బ వేసేస్తారు. మోహన రాగంలో ఉన్న పాటకు జీ నుంచి మొదలుపెడితే జీ, ఏ, బీ, డీ, ఈ స్వరాలే వస్తాయి. పాడేవారి శ్రుతి మారితే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, కేపో ఉంది: రెండో ఫ్రెట్ మీద కేపో పెట్టి సీ ఆకారం పడితే వచ్చేది డీ. తల్లిదండ్రులకు కాగితం మీద నమ్మకం కావాలంటే ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలున్నాయి. ఎనిమిది గ్రేడ్లు, వీడియో పంపి డిజిటల్‌గా కూడా రాయవచ్చు. పిల్లలను కూర్చోబెట్టే ముందు మీరు ఐదో గ్రేడ్ దాటి ఉంటే మంచిది.

ఆదివారం వాయించడాన్ని మీ వ్యక్తిగత ప్రార్థనగా లెక్కేసుకోకండి. అది పరిచర్య, అందులో సగం మనసు తర్వాతి కార్డు మీద ఉంటుంది, ఉండాలి కూడా. తీగలు మార్చడం, శ్రుతి చూసుకోవడం శనివారమే ముగించండి. కొత్త తీగలు సాగి శ్రుతి నిలవడానికి ఒక రాత్రి పడుతుంది.

ఇప్పుడు బీఈడీ. ఏపీ ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) రాయండి. బైబిల్ భాషలకు పత్రికల్లో ప్రకటనలు పడే ఉద్యోగాలు లేవు. వేదాంత కళాశాలల్లో బోధన, బైబిల్ అనువాదం, సంఘ సేవ, అంతే. బడి ఉద్యోగానికి వేదాంత డిగ్రీ అయిన బీడీ పట్టా పనికిరాదు, బీఈడీ పనికొస్తుంది. రెండేళ్ల బీఈడీలో ఉదయం అరగంట హీబ్రూకు, సాయంత్రం గిటార్‌కు అడ్డేమీ ఉండదు. పాఠం ఎలా విడగొట్టాలో అక్కడ నేర్చుకున్నది గిటార్ క్లాసులోనే మొదట కనబడుతుంది.

ఆ తర్వాతి మెట్టు బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అదే బీడీ. బెంగాల్లోని సెరంపూర్ కాలేజీ 1818లో మొదలైంది, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో పట్టాలిచ్చే హక్కు పొందింది. దాని సెనేట్ కింద హైదరాబాద్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఉన్నాయి. డిగ్రీ అయినవారికి బీడీ సాధారణంగా నాలుగేళ్లు. ఆపైన వేదాంత పీజీ అయిన ఎంటీహెచ్‌లో పాత నిబంధన తీసుకుంటేనే హీబ్రూ మీ అసలు చదువవుతుంది. అనువాదం వైపు మనసు పోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల విభాగం ఉంది. హీబ్రూతో పాటు భాషాశాస్త్రం ఉన్నవాళ్లు అనువాద బృందాలకు చాలా అవసరం. ఆడపిల్లకు ఈ చదువెందుకని ఇంట్లో ఎవరైనా అంటే, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో మొదటి మహిళా బిషప్‌గా ఈ. పుష్పలలిత గారు 2013లో అభిషేకం పొందింది మన నంద్యాల డయోసిస్‌కే అని చెప్పండి.

చిన్న కోర్సు, పెద్ద పట్టా ఇస్తామనే చోట్లకు మాత్రం పోకండి. ఏ కళాశాల అయినా మూడు అడగండి: పట్టా ఇచ్చేది ఎవరు, హీబ్రూ ఎన్ని సెమిస్టర్లు, ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఏం చదివారు. వీటికి కాగితం మీద జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.

బీడీకి చాలా కళాశాలలు సంఘం నుంచి సిఫారసు లేఖ అడుగుతాయి. అది చివరి వారంలో అడిగి తెచ్చుకునేది కాదు. బీఈడీ రెండో ఏడాది మొదట్లో, రూతు 85 వచనాలూ నిఘంటువు పెద్దగా చూడకుండా చదవగలిగితే, గిటార్ లెక్కల పుస్తకం, హీబ్రూ నోటుబుక్కు రెండూ పట్టుకుని అమ్మానాన్నలతో కలిసి మీ పాస్టరు గారి దగ్గరకు వెళ్లండి. అప్పటికి రూతు పూర్తి కాకపోతే దరఖాస్తును ఒక ఏడాది వెనక్కి జరపండి, అరగంట మాత్రం తగ్గించకండి.