సమాధానం: ప్రవేశిక రాజ్యాంగంలో భాగమా, కాదా?

తమ్ముడూ, ఒక పుస్తకంలో ప్రవేశిక (రాజ్యాంగం మొదట్లో ఉండే పీఠిక) రాజ్యాంగంలో భాగం కాదని, ఇంకో దాంట్లో భాగమేనని ఉంది, గ్రూప్-2కి ఏది రాయాలి అని అడిగావు కదా, టెన్షన్ పడకు, రెండూ సుప్రీంకోర్టు చెప్పినవే, కాలం వేరు అంతే. 1960లో బెరుబారి వ్యవహారంలో, అంటే పశ్చిమ బెంగాల్‌లోని ఆ ప్రాంతంలో కొంత పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో, భాగం కాదంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ధర్మాసనం ఆ మాట తప్పని, ప్రవేశిక భాగమేనని తేల్చింది. ఇప్పుడు రాయాల్సింది ఇదే.

నిజానికి రాజ్యాంగ సభే 1949 అక్టోబరు 17న, మిగతా భాగాలన్నీ అయ్యాక, ప్రవేశిక రాజ్యాంగంలో భాగమని తీర్మానించి ఆమోదించింది, బెరుబారిలో కోర్టు దీన్ని గమనించలేదు, నాకు ఇది చాలా ముఖ్యమైన పాయింట్ అనిపిస్తుంది.

భాగమే కాబట్టి సవరించవచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపం, అంటే దాని మూల లక్షణాలు, చెడకూడదు. 1976లో 42వ సవరణతో సామ్యవాద, లౌకిక, సమగ్రత అనే మాటలు చేరాయి. ఇంకొకటి, ప్రవేశికలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఉన్నా, కేవలం దాన్ని పట్టుకుని కోర్టులో హక్కు అడగలేం, హక్కుల కోసం ప్రాథమిక హక్కులున్న రాజ్యాంగం మూడో భాగానికి వెళ్లాలి. ప్రశ్నలో సంవత్సరం ఇచ్చారేమో చూసుకుని రాయి.