జామీను సంతకం పెట్టమంటే పెట్టాలా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. మా సంఘంలో ఒక బ్రదర్ 5 లక్షల చిట్టీ ఎనిమిదో నెలలో పాడుకున్నారు. డబ్బు చేతికి రావాలంటే ముగ్గురు ఉద్యోగుల జామీను కావాలట. ఇద్దరు దొరికారు, మూడో సంతకం నన్ను పెట్టమంటున్నారు. మావారికి ఇష్టం లేదు. ఆ బ్రదరేమో ‘అడిగినవాడికి ఇవ్వమని ప్రభువే చెప్పాడు కదమ్మా, ఒకరి భారాలు ఒకరు మోయాలని పౌలు రాశాడు కదమ్మా’ అంటున్నారు. కాదంటే వాక్యానికి లోబడనట్టేనా? ఇంట్లో చెప్పకుండా పెట్టేద్దామా అని కూడా అనిపిస్తోంది.
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: పెట్టకండమ్మా. ఇంట్లో చెప్పకుండా అయితే అసలే వద్దు.

వాక్యం సంగతి తర్వాత, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. చిట్టీ నెలకు పదివేల చొప్పున 50 నెలలదనుకుంటే, ఎనిమిదో నెలలో ఎత్తుకున్నవాడు ఇంకా 42 వాయిదాలు కట్టాలి, అంటే 4,20,000. డివిడెండ్ పోను కొంత తగ్గుతుందనుకున్నా మూడున్నరేళ్ళ బాధ్యత. ఆయన కట్టకపోతే ముందు ఆయన్నే పట్టుకుంటారు, ఆయన ఆస్తులు అమ్మించాకే కదా మన దాకా వచ్చేది అని చాలామంది ధీమాగా ఉంటారు. అలా ఏం లేదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం బాకీదారుడి బాధ్యత ఎంతో జామీనుదారుడి బాధ్యతా అంతే. ముగ్గురం ఉన్నాం కాబట్టి నా వంతు మూడో వంతే అనీ లెక్కేసుకోకండి, మామూలుగా ఆ కాగితాలు రాసే తీరులో ఏ ఒక్కరి దగ్గరైనా మొత్తం అడగొచ్చు. ఉద్యోగస్తుల సంతకమే ఎందుకు అడుగుతారంటారు? నెలనెలా జీతం పడుతుంది, అవసరమైతే కోర్టు ద్వారా దాన్ని అటాచ్ చేయించొచ్చు. శాలరీ సర్టిఫికెట్ జిరాక్స్ అడిగేది మీ సాక్ష్యం బాగుందని కాదమ్మా. ఇంకో మాట, జామీనుతో పాటు ఖాళీ చెక్కులు కూడా అడిగారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇక వాక్యం. మన బైబిల్లో ‘పూటపడటం’ అని ఉన్నది ఈ జామీను సంగతే, సామెతల గ్రంథం ఆ విషయంలో ఏం మొహమాటపడలేదు. చెలికాడి కోసం పూటపడి ఉంటే కంటికి నిద్ర రానివ్వక వెళ్ళి బతిమాలుకో, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది 6వ అధ్యాయం. 22వ అధ్యాయమైతే, చెల్లించడానికి ఏమీ లేకపోతే నీ కింద పరుపు కూడా తీసుకుపోతారని చెబుతుంది.

మరి ‘అడిగినవాడికి ఇవ్వు’ అన్న మత్తయి 5:42? అక్కడ ప్రభువు చెప్పిన మాటని సగం కూడా తగ్గించడానికి నాకు ఇష్టం లేదు. కాకపోతే దాని పై వచనాలు చదవండి. అంగీ అడిగితే పైవస్త్రం కూడా ఇచ్చెయ్యి, ఒక మైలు రమ్మంటే రెండు మైళ్ళు వెళ్ళు. అవన్నీ ఆ రోజు ఆ మనిషి దగ్గర ఉన్నవే, ఒంటి మీద బట్ట, కాళ్ళలో ఓపిక. జామీను అంటే మన దగ్గర ఇప్పుడు లేని డబ్బుని, ఇంకా రాని జీతాన్ని, అందులో మీ పిల్లల ఫీజులూ మీవారి వంతూ అన్నీ కలిపి రాసివ్వడం, అదీ అడిగిన బ్రదర్‌కి కాదు, చిట్టీ కంపెనీకి. ఇక గలతీ 6వ అధ్యాయంలో ఆ బ్రదర్ ‘ఒకరి భారాలు ఒకరు మోయాలి’ అన్న రెండో వచనం చెప్పి ఊరుకున్నారు. అయిదో వచనంలో ప్రతివాడూ తన బరువు తానే భరించుకోవాలని పౌలే రాశాడు.

అలాగని జామీను ఉండటమే పాపం అనేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. తమ్ముడు బెన్యామీను కోసం యూదా పూటపడ్డాడు. దాసుడైన ఒనేసిము నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తానని పౌలు అతని యజమాని ఫిలేమోనుకి తన చేత్తో రాసిచ్చాడు. కానీ తేడా చూడండి, పౌలు తీర్చడానికి సిద్ధపడే ఆ మాట రాశాడు, ‘ఎలాగూ ఆయనే కట్టుకుంటాడులే’ అన్న ధైర్యంతో కాదు. మీరూ మీవారూ కూర్చుని, ఈ నాలుగు లక్షలు పోయినా ఆ కుటుంబానికి ఇచ్చేశాం అనుకుంటాం అని ఇద్దరూ అనగలిగితే, అది వేరే సంగతి.

అనలేకపోతే కాదని చెప్పండి, కానీ అక్కడితో చేతులు దులుపుకోకండి. సామెతల్ని అడ్డం పెట్టుకుని పర్సు మూసుకునేవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళకి జామీను వచనాలన్నీ కంఠతా వస్తాయి, మత్తయి 5:42 మాత్రం గుర్తుండదు. ఆ డబ్బు ఎందుకో అడగండి. ఆస్పత్రి ఖర్చా, ఆడపిల్ల పెళ్ళా, వడ్డీకి తెచ్చిన పాత అప్పా? ఒక పదివేలో ఇరవైవేలో, తిరిగి రాదనుకునే మొత్తం, ఇద్దరూ కలిసి తీసుకెళ్ళి ఇవ్వండి.

చెప్పేటప్పుడు మాత్రం ‘ప్రార్థన చేసి చెబుతాను బ్రదర్’ అనొద్దు. మన సంఘాల్లో కాదు అనడానికి అదొక మర్యాద అయిపోయింది, పాపం అవతలివాడు ఆదివారం ఆదివారం మీ మొహం చూస్తూ తిరుగుతాడు. అవునంటే అవును, కాదంటే కాదు.

ప్రశ్న: పై రకం జామీనే పెట్టి ఇరుక్కున్నాను. అసలు మనిషి కట్టడం మానేశాడు, ఇప్పుడు వాయిదాలు నేను కడుతున్నాను. ఆయన మాత్రం ముందు వరసలో కూర్చుని సాక్ష్యాలు చెబుతున్నాడు. కోర్టుకి వెళ్తానంటే ‘విశ్వాసులు కోర్టుకెక్కకూడదు’ అంటున్నారు.
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: మీరు కడుతున్నారు కదా, అది కీర్తన 15లో ఉన్న మనిషి లక్షణం, నష్టం కలిగినా మాట తప్పడు. కానీ 1 కొరింథీ 6 చదివి మీ నోరు మూయించేవాళ్ళు ‘అన్యాయం సహించడమే మేలు కదా’ అన్న ఏడో వచనం దగ్గర ఆగిపోతున్నారు. ఎనిమిదో వచనంలో పౌలు, సహోదరుల సొమ్ము అపహరిస్తున్నవాళ్ళని తిడుతున్నాడు. అయిదో వచనంలో, మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని సంఘాన్నే సిగ్గుపరుస్తున్నాడు. కాబట్టి మిమ్మల్ని కోర్టుకి వద్దనే పెద్దలు ఆయన్ని కూర్చోబెట్టి డబ్బు కట్టించే పని కూడా నెత్తిన వేసుకోవాలి. వేసుకోకపోతే వాళ్ళకి ఆ వచనం ఎత్తే హక్కు లేదని నా అభిప్రాయం. జామీనుదారుడు కట్టిన డబ్బు బాకీదారుడి దగ్గర రాబట్టుకునే హక్కు చట్టంలోనూ ఉంది.

మత్తయి 18లో చెప్పిన వరస పాటించండి. ముందు మీరొక్కరే ఆయన ఇంటికి వెళ్ళండి, గుడి మెట్ల మీద అందరి ముందూ అడగొద్దు. వినకపోతే ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకెళ్ళండి, అప్పుడూ వినకపోతే సంఘం ముందు పెట్టండి. కట్టిన రసీదులన్నీ జిరాక్స్ తీయించి దగ్గర పెట్టుకోండి. ఒకేసారి ఇవ్వలేనంటే నెలకు రెండువేలైనా సరే ఒప్పుకోండి, కాకపోతే అది పెద్దల ఎదుట కాగితం మీద రాయించుకోండి.