నెట్ తెగుతోందా? ఎక్కడ తెగుతోందో ముందు తేల్చుకో

రాయగడ

పర్లాకిమిడిలో ఉన్న మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వైఫై మాటిమాటికీ పోతోంది, కొత్త రౌటర్ కొననా అని అడిగావు. అప్పుడే డబ్బు పెట్టకు నాన్నా. కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్యన తెగుతోందా, రౌటర్ దాటాక లైన్లో తెగుతోందా? తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి గానీ చెయ్యాల్సిన పని వేరు.

విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, అంటే కమాండ్ ప్రాంప్ట్, రెండుసార్లు తెరిచి పక్కపక్కన పెట్టు. ఒకదాంట్లో ‘ping 192.168.1.1 -t’ కొట్టు. పింగ్ అంటే అవతలి యంత్రాన్ని పలకరించి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం; ఆ అంకెలు రౌటర్ అడ్రస్. మీ రౌటర్ అడ్రస్ వేరైతే దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. రెండోదాంట్లో ‘ping 8.8.8.8 -t’. అది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. అరగంట అలా నడవనీ. దగ్గరే ఉన్న రౌటర్ మామూలుగా 1 నుంచి 5 మిల్లీసెకన్లలో జవాబివ్వాలి. అది అస్తమానం 200, 500కి ఎగిరినా, ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అన్నా తప్పు వైఫైదే. రౌటర్ నిలకడగా పలుకుతూ 8.8.8.8 ఒక్కటే ఆగితే తప్పు లైన్‌ది. అప్పుడు ఫైబర్ పెట్టె మీద సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ (LOS) దీపం ఎర్రగా ఉందేమో, తీగ ఎక్కడైనా మడతపడిందేమో చూసి కంపెనీ వాళ్లను పిలువు. విండోస్‌లో ఏం మార్చినా అది బాగుపడదు. రెండు పింగులూ బాగుండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, సైట్ల పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టే డీఎన్ఎస్‌ను 1.1.1.1కి మార్చి చూడు.

నెట్ పోయిన క్షణంలో రౌటర్ దీపాలు కూడా చూడాలి. అన్నీ ఆరి మళ్లీ మొదట్నుంచి వెలుగుతుంటే రౌటర్ రీస్టార్ట్ అవుతోందన్నమాట. కరెంటు రెప్పపాటు పోవడమో, పాతబడిన కరెంటు అడాప్టర్ నీరసించడమో కారణం. కొత్త అడాప్టర్‌కి వోల్టు, పిన్ను ప్లస్ మైనస్‌లు అచ్చం పాతదానిలాగే ఉండాలి. ఆంపియర్ ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ పనికిరాదు. చిన్న రౌటర్ యూపీఎస్ కొన్నా ఇదే లెక్క.

తప్పు వైఫైదని తేలితే ఇల్లు చూడు. మన వైపు ఇళ్లు వీధి నుంచి పెరటిదాకా గది వెనక గదిగా పొడుగ్గా ఉంటాయి. రౌటర్ వీధిగదిలో, కంప్యూటర్ మూడో గదిలో! రౌటర్ వైఫైని 5, 2.4 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల తరంగాల్లో పంపుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువే గానీ లావు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది. 2.4 మెరుగ్గా దాటుతుంది. రెండిటికీ ఒకే పేరుంటే కంప్యూటర్ అటూ ఇటూ మారుతూ మధ్యలో తెగొచ్చు. పేర్లు విడగొట్టి, వెనక గది కంప్యూటర్‌ని 2.4కే కట్టెయ్. రౌటర్‌ని ఇనప బీరువా వెనక పెట్టొద్దు; భుజమెత్తు గూట్లో, గుమ్మానికి ఎదురుగా ఉంటే మంచిది.

గోడలు కలిసిన ఇళ్లు కాబట్టి ఇరుగుపొరుగు రౌటర్లూ అదే 2.4లో అరుస్తుంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘netsh wlan show networks mode=bssid’ కొడితే ఎవరు ఏ ఛానెల్లో, అంటే 2.4లోని ఏ చిన్న దారిలో, ఉన్నారో కనబడుతుంది. రౌటర్ సెట్టింగుల్లో 1, 6, 11లలో రద్దీ తక్కువున్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టు. 3, 4 లాంటివి ఖాళీగా కనిపించినా వద్దు. అవి రెండు వైపుల గోలనీ వింటాయి.

కంప్యూటర్‌లో చూడాల్సింది కొంచెమే. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకోసం దాన్ని ఆపేసే టిక్కు తీసెయ్. ఆ వైఫై అడాప్టర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని తయారీ కంపెనీ సైట్ నుంచే దించుకో. యూఎస్‌బీ వైఫై ముక్క అయితే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కన గుచ్చకు. ఆ పోర్టు రొద 2.4 గిగాహెర్ట్జ్‌ మీదే పడుతుంది. మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెట్టు.

ఇన్ని చేసినా మూడో గదికి అందకపోతే రిపీటర్ కొనకు. చవకవాటిలో వేగం సగానికి సగం పోతుంది. క్యాట్ 6 తీగ లాగెయ్, 100 మీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. తీగని నేరుగా కంప్యూటర్‌కే గుచ్చితే ఈ తంటాలేవీ ఉండవు. వెనకాల ఫోన్లకీ వైఫై కావాలంటే ఇంట్లో ఉన్న పాత రౌటర్‌కి 192.168.1.2 అడ్రస్ ఇచ్చి, డీహెచ్‌సీపీ (మిగతా యంత్రాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, తీగని దాని వాన్ (WAN, బయటి లైన్ వచ్చే) పోర్టులో కాకుండా లాన్ (LAN, ఇంటి యంత్రాలు తగిలించే) పోర్టులో పెట్టు. దాని ఛానెల్ మొదటి రౌటర్ ఛానెల్ కాకుండా చూసుకో.

మీ మావయ్య