నులిపురుగుల మాత్ర వేశాక చేయి కొట్టుకుంది... ఇంకా పవరున్న మందు వేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. రెండు నెలలుగా రాత్రిపూట మలద్వారం దగ్గర ఒకటే దురద, నిద్ర ఉండట్లేదు. మందుల షాపులో అడిగి మూడుసార్లు అల్బెండజోల్ వేశాం. వారం తగ్గుతుంది, మళ్లీ మొదలు. చివరిసారి మాత్ర వేసిన మూడో రోజు కుడిచేయి రెండు నిమిషాలు కొట్టుకుంది, పిలిస్తే పలకలేదు. జడుసుకున్నాడని దిష్టి తీశాం. మళ్లీ రాలేదు. అప్పుడప్పుడు తలనొప్పి అంటాడు. ఐవర్‌మెక్టిన్ లాంటి పవరున్న మందు వేయొచ్చా? తీపి మాన్పించాలా? మేం మాంసం తినం. – ఒక తల్లి, మధురవాడ

జవాబు: అమ్మా, మీరు దురద గురించి అడిగారు. నన్ను కంగారు పెడుతున్నది ఆ చేయి కొట్టుకోవడం. ఒక పక్క చేయి మాత్రమే కొట్టుకుని, ఆ కాసేపూ పిల్లాడు పలక్కపోతే, వేరే కారణం తేలేదాకా దాన్ని ఫిట్స్‌గానే చూడాలి. జడుపు అనుకుని వదిలేయకూడదు. ఇక ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కో న్యూరాలజిస్టుకో చూపించండి. కేజీహెచ్‌కైనా వెళ్లండి, మీకు దగ్గరలోని విమ్స్‌కైనా వెళ్లండి. వాళ్లు చూసేదాకా అల్బెండజోల్ ఇంకొక్క మాత్ర కూడా వేయకండి.

ఎందుకంటే, మన దేశంలో ఈ వయసు పిల్లలకు ఫిట్స్ తెచ్చే కారణాల్లో న్యూరోసిస్టిసర్కోసిస్ ఒకటి. పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే, వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడు చేరి చిన్న తిత్తులుగా మిగులుతాయి. చాలాకాలం ఏ ఇబ్బందీ తెలియకపోవచ్చు. అల్బెండజోల్ కొంత రక్తంలోకి ఎక్కి మెదడుకూ చేరుతుంది. అక్కడ తిత్తి దెబ్బతింటే దాని చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపుతో తలనొప్పి, ఫిట్స్ రావచ్చు. మాత్ర వేసిన రెండు నుంచి ఐదు రోజుల్లో ఇలా జరగడం అరుదే, కానీ జరుగుతుంది. మీ బాబుకు ఇదే అయిందని చూడకుండా చెప్పలేను. టీబీ గడ్డ కావచ్చు, మాత్రకు ఏ సంబంధం లేని మూర్ఛ కావచ్చు. తేల్చాల్సింది స్కాన్. వీలైతే కాంట్రాస్ట్‌తో (నరంలోకి మందు ఎక్కించి తీసే) ఎం.ఆర్.ఐ., కుదరకపోతే సి.టి.

మాంసం తినం కాబట్టి మాకు రాదనుకోకండి. పంది మాంసం సరిగా ఉడక్కుండా తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు వచ్చేది మాత్రం ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్ల వల్ల. అవి కడగని చేతులతో, కలుషితమైన నీళ్లతో, పచ్చి కూరలతో శాకాహారుల ఇంటికీ వస్తాయి. రైతుబజారు నుంచి తెచ్చిన కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్ పచ్చిగా తినేటట్లయితే గిన్నెలో ముంచి తీస్తే చాలదు, పారే నీటి కింద ఆకు ఆకూ కడగాలి. ఇంట్లో ఎవరికైనా మలంలో తెల్లగా, బల్లపరుపుగా రిబ్బన్ ముక్కల్లాంటివి పడుతుంటే వాళ్ల మలం పరీక్ష కూడా చేయించాలి.

స్కాన్‌లో తిత్తులు కనబడితే ఇచ్చేదీ చాలాసార్లు అల్బెండజోలే. ఇది విని మళ్లీ షాపుకు వెళ్లకండి. ఆ వైద్యమే వేరు. కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాముల లెక్కన రెండు పూటలుగా, సాధారణంగా 10 నుంచి 14 రోజులు, నెయ్యో నూనో ఉన్న భోజనంతో ఇస్తారు. వాపు రాకుండా స్టెరాయిడ్ ముందే మొదలుపెడతారు, ఫిట్స్ మందు తోడుగా ఉంటుంది. అంతకుముందు కంటి లోపల తిత్తి ఉందేమో చూస్తారు. అక్కడ ఉండగా మందు వేస్తే చూపుకే ముప్పు. తిత్తులు సున్నం కట్టిపోయి ఉంటే పురుగుల మందే అక్కర్లేదు. మెదడు నిండా తిత్తులుండి వాపు ఎక్కువగా ఉంటే ఆ మందు అసలు వేయకూడదు కూడా. ఒకే మాత్ర ఒకరికి వైద్యం, ఇంకొకరికి ప్రమాదం. షాపులో అబ్బాయికి మీరు దురద గురించి చెప్పి ఉంటారు, చేయి కొట్టుకున్న సంగతి చెప్పి ఉండరు. చెప్పినా స్కాన్ చూడకుండా అతను చేయగలిగింది లేదు.

ఇక దురద. ఇది నులిపురుగుల లక్షణమే. మందుకు పవర్ లేక తిరగబెట్టడం లేదు. అల్బెండజోల్ పెద్ద పురుగులను చంపుతుంది, గుడ్లను పూర్తిగా చంపలేదు. ఆడపురుగు రాత్రి బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది, కొన్ని గంటల్లోనే అవి కడుపులోకి పోతే మళ్లీ పురుగులయ్యే స్థితికి వస్తాయి. బాబు గోకుతాడు, గుడ్లు గోళ్లలో చేరి నోట్లోకి పోతాయి. దుప్పట్ల మీద రెండు మూడు వారాలు బతుకుతాయి. అందుకే మామూలుగా మందు ఒక మోతాదు, సరిగ్గా 14 రోజులకు మరొకటి, అదీ ఇంట్లో అందరికీ ఒకే రోజు (గర్భిణులుంటే డాక్టర్‌ను అడిగాకే). ఆ రోజే దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతకాలి, గోళ్లు కత్తిరించాలి, కొన్నాళ్లు పొద్దున్నే స్నానం చేయించాలి. మీరు బాబు ఒక్కడికే వేసి ఉంటే తిరగబెట్టకుండా ఎలా ఉంటుంది? మలం పరీక్షలో ఇవి చాలాసార్లు దొరకవు. తెల్లవారగానే, కడగకముందే, సెల్లోటేపు అంటించి తీసి గాజు పలక మీద పెట్టి ల్యాబుకు ఇస్తే తెలుస్తుంది.

దురద అంతగా ఉంటే స్కాన్ అయ్యేదాకా పైరాంటెల్ పనికొస్తుందేమో మీ డాక్టర్‌ను అడగండి. అది రక్తంలోకి చాలా తక్కువగా ఎక్కుతుంది, దాదాపు పేగులోనే పనిచేస్తుంది. మోతాదు కిలోకు 11 మిల్లీగ్రాములు, బరువు తూచి వాళ్లే రాస్తారు. పైపరజీన్ ఉన్న పాత సిరప్‌లు మాత్రం వద్దు, ఫిట్స్ వచ్చిన పిల్లలకు అవి కూడదు. బద్దెపురుగులకు వాడే ప్రాజిక్వాంటెల్ కూడా మెదడుకు చేరేదే, దాన్నీ సొంతంగా వేయకండి.

ఐవర్‌మెక్టిన్ వద్దు. నులిపురుగులకు అది మొదటి మందు కాదు. దాని మోతాదు కిలోకు 200 మైక్రోగ్రాములు. బాబు 26 కిలోలు ఉన్నాడనుకుంటే సుమారు 5 మిల్లీగ్రాములు. షాపులో ఇచ్చే 12 మిల్లీగ్రాముల మాత్ర వేస్తే రెట్టింపు దాటుతుంది. మోతాదు మించితే ఇబ్బంది పడేది నరాల వ్యవస్థే. పశువుల నట్టల మందు జోలికి అసలే పోకండి.

తీపి వల్ల పురుగులు పుట్టవు. పళ్ల కోసం తగ్గిస్తే మంచిదే.

బడిలో ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు మంచిది, ఇది చదివి ఎవరూ మానొద్దు. మీ బాబు విషయంలో మాత్రం ఫిట్స్‌లా వచ్చిందని టీచర్‌కు ముందే చెప్పండి, డాక్టర్ సరేనన్నాకే వేయించండి.

ఈలోపు మళ్లీ కొట్టుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టకండి. టైము చూడండి. ఐదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. తలనొప్పితో వాంతులైనా, చూపు మసకబారినా, మగతగా ఉన్నా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మూడుసార్లు వేసిన మాత్రల స్ట్రిప్పులు, వేసిన తేదీలు, చేయి కొట్టుకున్న రోజు రాసుకుని తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే అది కూడా చెప్పండి.