ఉబుంటు ఫీచర్ ఫ్రీజ్ దాటాక మినహాయింపు కోరడం

ఫీచర్ ఫ్రీజ్ (విడుదలకు ముందు కొత్త ఫీచర్లు చేర్చడం ఆపేసే గడువు) దాటిన తర్వాత మీ ప్యాకేజీ కొత్త వెర్షన్‌ను ఉబుంటులో ఎలా చేర్చాలని అడిగారు. అందులో బగ్ సవరణలు మాత్రమే ఉంటే మినహాయింపు అవసరమే లేదు. కొత్త ఫీచర్ ఉన్నట్లయితే, లాంచ్‌ప్యాడ్‌లో (ఉబుంటు బగ్‌లను నమోదు చేసే సైట్) ఆ ప్యాకేజీపై బగ్ నమోదు చేసి, శీర్షిక ముందు ఎఫ్ఎఫ్ఈ (FFe, ఫీచర్ ఫ్రీజ్ మినహాయింపు) అని గుర్తు పెట్టి, మార్పుల వివరాలు, బిల్డ్ లాగ్ (ప్యాకేజీని తయారుచేసినప్పటి నమోదు), ఇన్‌స్టాల్ చేసి పరీక్షించిన ఫలితాలు జతచేసి, ఆమోదం ఇచ్చే రిలీజ్ బృందాన్ని ఆ బగ్‌కు సబ్‌స్క్రైబ్ చేయాలి. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది మీరు చూపే కారణం: కొత్త వెర్షన్ వచ్చిందన్న ఒక్క మాట సరిపోదు, చేర్చకపోతే వాడుకరులకు ఏమి నష్టమో, చేరిస్తే దీనిపై ఆధారపడిన ప్యాకేజీలలో ఏది చెడిపోవచ్చో, రెండూ దాచకుండా రాయండి. యూజర్ ఇంటర్‌ఫేస్ ఫ్రీజ్ (తెరపై కనిపించేవాటిని మార్చడం ఆపేసే గడువు) కూడా దాటి, తెరపై కనిపించే పదాలు మారుతున్నట్లయితే, డాక్యుమెంటేషన్, అనువాద బృందాలకు కూడా తెలియజేయాలి. ఆమోదం వచ్చేవరకు అప్‌లోడ్ చేయకండి.