ఎక్కాలు వచ్చిన పిల్లకు భాగహారం ఎందుకు తప్పుతుంది?

"మా పాప సిరోంచలో (తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర ఊరు) మరాఠీ మీడియం, నాలుగో తరగతి. ఎక్కాలు గడగడా చెప్తుంది, భాగహారం మాత్రం రోజూ తప్పే. ఇంకెన్ని లెక్కలు చేయించాలి?" అని అడిగారు. ఎక్కువ చేయించకండి. మీరు ఫొటో పెట్టిన 624 ÷ 6 ఒక్కటి చాలు.

పాప 14 అని రాసింది. ఆరులో ఆరు ఒకసారి, పైన 1. తర్వాత 2 దించింది. రెండులో ఆరు పోదు కదా, పైన ఏమీ రాయకుండా 4 కూడా దించేసింది. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. ఎక్కం తప్పలేదు, సున్నా పోయింది. "భాగించు, గుణించు, తీసెయ్, దించు" అని ట్యూషన్లలో పాటలా పట్టిస్తారే, ఆ పాట నాకు అస్సలు నచ్చదు. మొదటి 6 అంటే ఆరు కాదు, ఆరు వందలు అన్న సంగతి అందులో ఎక్కడా రాదు.

పైసలతో చేయించండి. ఆరు వంద నోట్లు, రెండు పది నోట్లు, నాలుగు రూపాయి బిళ్ళలు. కాగితం ముక్కల మీద రాసుకున్నా సరే. ఆరు గిన్నెలు పెట్టండి. ముందు వందలు, గిన్నెకొకటి. పది నోట్లు రెండే, ఆరు గిన్నెలకు చాలవు. అంటే గిన్నెకు సున్నా పదులు. అక్కడ ఆగి, ఆ సున్నాను పాప చేతే రాయించండి. ఇప్పుడు రెండు పదులను 20 బిళ్ళలుగా మార్చి, ఉన్న నాలుగూ కలిపితే 24. గిన్నెకు నాలుగు. ఒక గిన్నె ఎత్తి చూపండి: వంద నోటు, నాలుగు బిళ్ళలు, 104. దించడమంటే చిల్లర మార్చడమేనని కంటికి కనిపిస్తుంది. ఆరు వందలు ఆరుగురికి పంచితేనే తలా వంద, మరి 14 ఎలా వస్తుందని లెక్క మొదలుపెట్టకముందే అడగండి.

మన దిక్కు ఇంకో చిక్కుంది. మరాఠీలో పదుల కంటే ఒకట్లు ముందు పలుకుతారు. టీచర్ "సహాశే చోవీస్" (సహాశే ఆరు వందలు, చోవీస్ నాలుగూ ఇరవై) అంటే తెలుగు చెవికి నాలుగు ముందు వినబడుతుంది, పిల్ల 642 రాసుకుంటుంది. దాన్ని ఆరుతో భాగిస్తే శేషం లేకుండా 107 వస్తుంది, కాబట్టి అనుమానమే రాదు. భాగించే ముందు ఆ సంఖ్యను తెలుగులో చదివించండి: ఆరు వందల ఇరవై నాలుగు. 2019లో మహారాష్ట్ర బడి పుస్తకాలు వేసే బాలభారతి, రెండో తరగతి పుస్తకంలో 21ని "ఎక్వీస్" బదులు పదులు ముందు వచ్చేలా "వీస్ ఏక్" అని చదివే పద్ధతి పెడితే ఎంత గొడవ చేశారు! మనం ఎప్పటినుంచో ఇరవై ఒకటి అనే అంటున్నాం. సరిహద్దు పిల్లలకు అది మేలే.

నోట్లతో కుదిరాక కట్టలుగా తీసేయడం నేర్పండి. 187 ÷ 7. ఏడు పదులు 70, ఏడు ఇరవైలు 140. తీసేస్తే 47. ఏడు ఆరులు 42, మిగిలింది 5. ఇరవై, ఆరు కలిపి 26. పాపకు 20 తట్టక పది చొప్పున రెండుసార్లు తీసినా తప్పు కాదు, కొట్టేయకండి. సరిచూడ్డానికి 26 × 7 = 182, దానికి 5 కలిపితే 187.

మిగిలిన ఆ అయిదును మరాఠీ బడిలో "బాకీ" అంటారు. మన ఇళ్ళల్లో బాకీ అంటే ఇంకా ఇవ్వాల్సింది. పిల్లకేమో అయిదు తక్కువ పడ్డట్టు అనిపిస్తుంది. ఇంట్లో "మిగిలింది" అనే అనండి.

ఆ మిగిలిందాన్ని ఏం చేయాలో లెక్కను బట్టి ఉంటుంది. 500 తునికాకులను 70 చొప్పున కడితే ఏడు కట్టలు, పది ఆకులు పక్కన. అదే ప్రాణహిత దాటడానికి 30 మంది, పడవకు ఎనిమిది మంది అనుకోండి. మూడు పడవలంటే ఆరుగురు ఒడ్డునే ఉండిపోతారు. నాలుగు కావాలని పాప తనే అనేదాకా ఆగండి, మీరు చెప్పేయకండి.