డేటా ఎక్కించే దగ్గరే ఆగిపోయాను... కోర్సు మారాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం చేసిన కుటుంబాల సర్వేను ఎక్సెల్ నుంచి ‘ఆర్’ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకున్నాను. ఆదాయం సగటు అడిగితే ‘ఎన్‌ఏ’ (విలువ లేదు) అని వస్తోంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి. విశ్లేషణ మొదలే కాలేదు. టెన్షన్‌గా ఉంది. ప్రోగ్రామింగ్ నాకు రాదనుకుని వేరే కోర్సులో చేరడం మంచిదా?
- ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మారొద్దమ్మా. నువ్వు ఇప్పుడు పడుతున్న తిప్పలే ఈ రంగంలో ఉద్యోగుల రోజువారీ పని. క్లాసులో ఇచ్చే డేటా శుభ్రం చేసి ఇస్తారు కాబట్టి ఈ సంగతి చదువుకునేటప్పుడు ఎవరికీ తెలియదు.

ముందు సగటు సంగతి చూద్దాం. ఆదాయాన్ని 1,25,000 అని కామాలతో టైప్ చేసి ఉంటారు. అలాంటి కాలమ్‌ను ఆర్ సాధారణంగా అంకెలుగా కాకుండా అక్షరాలుగా చదువుతుంది. ఒక్క గడిలో ‘తెలియదు’ అని ఉన్నా అంతే. అలా ఉన్నంతసేపూ ఎన్‌ఏలను వదిలేసి లెక్కించమని చెప్పినా సగటు రాదు. ఫైలు ఎక్కించగానే ‘ఎస్‌టీఆర్’ కమాండ్ కొట్టు, ఏ కాలమ్‌ను ఎలా చదివిందో చూపిస్తుంది. కామాలు తీసేసి అంకెలుగా మార్చు. మార్చినప్పుడు ‘కొన్ని ఎన్‌ఏలు అయ్యాయి’ అని హెచ్చరిక వస్తే దాటేయకు. ఆ వరుసల్లో అంతకుముందు ఏముందో బయటికి తీసి చూడు. ఎవరో ‘12 వేలు’ అని రాసి ఉంటారు. ఆ కుటుంబం ఆదాయం మనకు తెలుసు, దాన్ని పోగొట్టుకోవడం అన్యాయం.

సీనియర్ల పాత కోడ్ వాడుతుంటే మరింత జాగ్రత్త. 2020లో 4.0.0 వెర్షన్ వచ్చేదాకా ఆర్ అక్షరాల కాలమ్‌ను తనంతట తానే ‘ఫ్యాక్టర్’గా, అంటే ఒక్కో పదానికి లోపల ఒక్కో నంబరు ఇచ్చే వర్గాల కాలమ్‌గా మార్చేసేది. ఫ్యాక్టర్‌ను నేరుగా అంకెల్లోకి మారిస్తే ఆదాయాలకు బదులు 1, 2, 3 లాంటి లోపలి కోడ్లు వస్తాయి. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక కూడా ఉండదు, సగటు మాత్రం వచ్చేస్తుంది. ముందు అక్షరాలుగా మార్చి, ఆ తర్వాతే అంకెలుగా మార్చాలి.

నా దృష్టిలో ఇలా చప్పుడు చేయని తప్పులే ప్రమాదం. 2020 అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదని బయటపడింది. ఆ డేటాను ఎక్కించిన పాత ఎక్సెల్ ఫార్మాట్ (ఎక్స్‌ఎల్‌ఎస్)లో షీటుకు 65,536 వరుసలే పడతాయి, మిగతావి రాలిపోయాయి. ఆ పాజిటివ్ వచ్చినవాళ్లతో తిరిగినవారిని వెతకడం ఆలస్యమైంది. వచ్చిన వరుసలెన్ని, ఎక్కినవెన్ని అని సరిచూస్తే దొరికే తప్పు అది. నువ్వూ ఆ లెక్క చూసుకో. రెండు ఫైళ్లు కలిపాక మళ్లీ చూడు, ఒకే ఇంటి నంబరు రెండుసార్లు ఉంటే వరుసలు పెరిగిపోతాయి. 03-04-2023 అంటే మార్చి 4 కాదు, ఏప్రిల్ 3 అని ఆర్‌కు నువ్వే స్పష్టంగా చెప్పాలి. వయసులో 99 కనిపిస్తే అది నిజంగా వయసా, ‘జవాబు లేదు’కు పెట్టిన కోడా అన్నది సర్వే ఫారం చూసి తేల్చుకో.

ఉద్యోగాల మాటకొస్తే, హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే సంస్థలు ఉన్నాయి. అక్కడ ‘శాస్’ (SAS) అనే సాఫ్ట్‌వేర్ ఎక్కువ, ఆర్ కూడా వాడుతున్నారు. ముఖ్యమైన పట్టికలకు ఇద్దరు విడివిడిగా ప్రోగ్రాం రాసి, జవాబులు కలుస్తున్నాయో లేదో చూసే పద్ధతి ఆ రంగంలో ఉంది. తప్పు పట్టుకునే ఓపికకు అక్కడ జీతమిస్తారు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకూ నీ డిగ్రీ పనికొస్తుంది.

అసలు ఎక్సెల్ ఫైలును ముట్టుకోకు. ప్రతి మార్పూ స్క్రిప్టులోనే చెయ్యి, ఎందుకు చేశావో పక్కన ఒక వాక్యం రాయి. దాన్ని ప్రాజెక్టు రిపోర్టులో ఒక అధ్యాయంగా పెట్టు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అదే నీ సొంత అనుభవం. ఈసారి గైడ్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘కోడ్ రన్ కావడం లేదు సార్’ అని ఊరుకోకుండా ఎర్రర్ మెసేజ్ మొత్తం, ఎస్‌టీఆర్ చూపించింది, పేర్లు తీసేసిన ఓ పది వరుసల డేటా పట్టుకెళ్లు.